గాలిలోని సన్నని ధూళి: కొలుచుట ఎట్లు, మూలము కనుగొనుట ఎట్లు?

దాళ్వా కోతలు ముగిసిన పిదప ఒక సాయంకాలము భీమడోలు పరిసరములను పొగ క్రమ్మినదనుకొందము. చేలలో గడ్డి తగులబెట్టినందున వచ్చినదని ఒకరందురు. బియ్యపు మిల్లు గొట్టమే కారణమని వేరొకరందురు. జాతీయ రహదారిపై పోవు లారీలదే దోషమని మూడవవారి మాట. ఈ వాదము పంచాయతీ సమావేశమునకు వచ్చినచో ఏమని తీర్మానింపవలెను? నిజము తేలకమునుపే తీర్మానించినచో నిరపరాధిపై నింద పడును. పొగ మాత్రము తగ్గదు. కావున గాలిని కొలుచు విధమును, అందలి ధూళి ఎచ్చటినుండి వచ్చినదో కనుగొను విధమును పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మంచిదని మా విన్నపము.

కంటికి కానరాని శత్రువు

మిల్లీమీటరులో వెయ్యవవంతును మైక్రోను అందురు. తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రోనులు. రెండున్నర మైక్రోనులు, అంతకు తక్కువ వ్యాసముగల కణములను శాస్త్రజ్ఞులు "పి.ఎం. 2.5" అని వ్యవహరించుచున్నారు. బాటపై లేచు ముతక దుమ్ము చాలవరకు ముక్కులోను గొంతులోను ఆగిపోవును. ఈ సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతులకు పోవును. గుండెజబ్బు, పక్షవాతము, ఊపిరితిత్తుల వ్యాధులు దీనివలన హెచ్చుచున్నవి. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణీ స్త్రీలకు బాధ మరింత అధికము.

1952 డిసెంబరులో లండను నగరమును ఐదు దినములు పొగమంచు క్రమ్మగా వేలకొలది జనులు మరణించిరి. మన దేశమున 1981లో వాయు కాలుష్య నివారణ చట్టము వచ్చినది. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణముల ప్రకారము ఒక ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములను, 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములను మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితులు ఇంకను కఠినమైనవి: అవి వరుసగా 5, 15 మైక్రోగ్రాములు.

కొలుచు పద్ధతి

ధాన్యము తూర్పారబట్టునప్పుడు బరువైన గింజ దగ్గర పడును, తేలికైన పొట్టు గాలివెంట పోవును. కొలిచెడి యంత్రము నోటివద్ద జరుగునదియు ఇదియే. గాలి వేగముగా మలుపు తిరుగునప్పుడు ముతక కణములు తిరుగలేక అచ్చటనే చిక్కుకొనును. సన్ననివి లోనికి పోయి వడపోత బిళ్లపై నిలుచును. యంత్రము నిమిషమునకు 16.7 లీటర్ల గాలిని, అనగా గంటకు ఒక ఘనపు మీటరును పీల్చును. బిళ్లను ముందును తరువాతను అతి సున్నితమైన త్రాసులో తూచెదరు. ఒక దినములో బరువు 1.44 మిల్లీగ్రాములు పెరిగినదనుకొందము. అది 1,440 మైక్రోగ్రాములు. పీల్చిన 24 ఘనపు మీటర్లచే భాగించగా 60 వచ్చును. సరిగా ఇదియే మన దినప్రమాణపు హద్దు.

ఇప్పుడు చౌకయైన చిన్న యంత్రములును లభించుచున్నవి. ఇవి ధూళిని తూచవు. దానిపై వెలుగు పడి చెదరుటనుబట్టి అంచనా వేయును. కొల్లేటి చెంతనున్న మన ప్రాంతమున ఒక హెచ్చరిక అవసరము. మంచు కురియు వేకువలలో కణములు తేమను పీల్చి ఉబ్బుటచే ఈ యంత్రములు ఉన్నదానికంటె ఎక్కువ చూపును. కావున ముందుగా వానిని ప్రామాణిక యంత్రము ప్రక్కన నుంచి సరిచూడవలెను. ఒక దినపు లెక్కతో నిర్ణయమునకు రాకూడదు. శీతకాలపు రాత్రులలో పొగ నేలనంటి నిలుచును. వానలు ధూళిని కడిగివేయును. అన్ని ఋతువులను కొలిచిననే సంవత్సరపు సగటు తెలియును.

ముగ్గురు సాక్షులు

ధూళి మూలమును తెలుపు సాక్షులు ముగ్గురు. మొదటిది ధూళిలోని పదార్థము. కట్టె, గడ్డి, ఊక వంటివి కాలినప్పుడు పొటాషియము, లీవోగ్లూకోసాన్ అను పదార్థము వెలువడును. డీజిలు పొగలో నల్లని మసి హెచ్చు. నేలమట్టిలో సిలికాను, అల్యూమినియము ఉండును. సముద్రపు గాలి ఉప్పును తెచ్చును. ఒక్కొక్క మూలమునందలి పాళ్లు తెలిసినచో మొత్తములో దేని వాటా ఎంతయో లెక్కగట్టవచ్చును.

అయితే పొలములోని గడ్డియు, ఇంటి పొయ్యిలోని కట్టెయు, మిల్లు బాయిలరులోని ఊకయు ఇంచుమించు ఒకే గుర్తును విడుచును. అప్పుడు రెండవ సాక్షి కాలము. పొయ్యి పొగ ఉదయ సాయంకాలములందు, కొయ్యకాళ్ల పొగ కోతల పిదప కొలది దినములందు, బాయిలరు పొగ మిల్లు ఆడు వేళలందు హెచ్చును. మూడవ సాక్షి గాలి వీచు దిక్కు. చేలలోని మంటలను ఉపగ్రహములును గుర్తించుచున్నవి.

మరియొక విశేషము: యూరియా, పశువుల పేడ నుండి లేచు అమ్మోనియా, వాహనముల నుండియు బొగ్గు నుండియు వచ్చు వాయువులతో కలిసి గాలిలోనే సన్నని ధూళిగా మారును. అట్టిది ఏ ఒక్క గొట్టము నుండియు వచ్చినది కాదు.

పల్లెలు నేర్పిన పాఠము

ఇది నగరముల బెడదయే యని తలపరాదు. హైదరాబాదు సమీపమున 28 గ్రామములలో మన దేశపు, స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు పరిశోధన సాగించిరి. కొందరు గ్రామస్థులు కొలిచెడి యంత్రమును, చిన్న కెమెరాను ధరించి తిరిగిరి. ధూళి హెచ్చిన క్షణమున వారు పొయ్యి వద్ద నుండిరో, బాటపై నుండిరో ఇట్లు తెలిసినది. ఆ గ్రామముల వెలుపలి గాలిలో సంవత్సరపు సగటు సుమారు 33 మైక్రోగ్రాములు. జాతీయ ప్రమాణమునకు లోబడినదే. అయినను ధూళి ఎక్కువగానున్న చోట్ల ఎముకల సాంద్రత తక్కువగా నున్నట్లు 2020లో ప్రకటించిరి.

పంచాయతీ చేయదగినది

2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమున మన రాష్ట్రపు 13 నగరములు చేరినవి; అందు ఏలూరు ఒకటి. కాని నగరపు పొలిమేర వద్ద గాలి ఆగదు. కావున పంచాయతీ ఒక పుస్తకము పెట్టి, పొగ కనిపించిన తేదీ, వేళ, గాలి దిక్కు, స్థలము వ్రాయించవలెను. మిల్లుపైగాని ఇటుక బట్టీపైగాని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పంపునప్పుడు ఈ పుస్తకమే బలమైన ఆధారము. గడ్డి కాల్చవద్దని రైతును కోరుటకు ముందు, కోత మిషను విడిచిన గడ్డిని కట్టలు కట్టు యంత్రమును ఉమ్మడిగా అద్దెకు తెప్పించి, పశువుల మేతకు చేర్చు ఏర్పాటు చేయవలెను. చెత్తను కాల్చక సంపద తయారీ కేంద్రమునకు పంపవలెను. కట్టెపొయ్యి గల ఇండ్లను గుర్తించి గ్యాసు కనెక్షనులు ఇప్పించవలెను.

పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మనము కొలిపించిన పిదపనే తీర్పు చెప్పుదుము. గాలి విషయమునను అదియే న్యాయము.