గ్రేస్, టోరీస్: ఒకే రోజులో రెండు శిఖరాలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరానికి పడమట, సుమారు 4,350 మీటర్ల ఎత్తున దాదాపు సమానంగా నిలిచిన గ్రేస్, టోరీస్ జంట శిఖరాలకు, వృక్షశాస్త్రవేత్తలైన ఏసా గ్రే, జాన్ టోరీల పేర్లను 1861లో మరో వృక్షశాస్త్రవేత్త చార్లెస్ పారీ పెట్టాడు. చలి, గాలుల వల్ల చెట్లు పెరగని ఎత్తును ఆల్పైన్ మండలం అంటారు; ఇక్కడి దారి చాలావరకు అటువంటి గడ్డినేలలు, రాళ్లగుట్టల మీదుగానే సాగుతుంది.

స్టీవెన్స్ గల్చ్ లోయ నుంచి వెళ్లే మామూలు కాలిబాటకు ఓపిక చాలు గాని, టోరీస్‌కు చేర్చే కెల్సో రిడ్జ్ అనే గట్టు మీద చేతులతో కూడా రాళ్లను పట్టుకుని ఎక్కవలసి ఉంటుంది; అమెరికా పర్వతారోహకులు ఇటువంటి దారిని మూడో తరగతిగా లెక్కిస్తారు. శిఖరానికి కాస్త దిగువన గట్టు కత్తి అంచులా సన్నబడి, ఇరువైపులా లోయ తెరుచుకుంటుంది కనుక, కొందరు దానికి అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చునే దాటుతారు. ఆ గట్టు మీదుగా తిరిగి దిగకుండా, శిఖరాల నడుమ ఉన్న పల్లాన్ని దాటి గ్రేస్ ఎక్కి, మామూలు బాటలో దిగడం అనుకూలం.

ఈ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 60 శాతమే కాబట్టి, తలనొప్పి, వాంతులు రావచ్చు; అవి ముదిరితే వెంటనే దిగిపోవాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, పిడుగులు తరచు కాబట్టి, తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికల్లా గట్టు, శిఖరాలు వదిలి దిగువకు చేరడమే ఇక్కడి ప్రధాన నియమం.