కుక్క నోట్లో లేని ఎంజైము

అన్నం ముద్దను కాసేపు నములుతూ ఉంటే మన నోటికి తియ్యగా తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొట్టి చక్కెర చేస్తుంది కాబట్టి. అదే పెరుగన్నం కుక్కకు పెడితే గబగబా మింగేస్తుంది. నమిలినా పెద్ద తేడా ఉండదు, దాని లాలాజలంలో అమైలేజ్ దాదాపు లేదు.

అలాగని కుక్క లాలాజల గ్రంథులు తక్కువవి కావు. చెవి కింద, దవడ మూల వెనుక, నాలుక కింద, కంటి దిగువన చెంప ఎముక చాటున కలిపి నాలుగు జతలు. ఈ చివరి జత మనకు లేదు. వీటిలో ఏ ఎంజైము ఎక్కడుందో చూడటానికి ఒక చక్కని పద్ధతి ఉంది. గ్రంథి ముక్కను గడ్డకట్టించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, ఆ ఎంజైము మార్చగల పదార్థాన్ని దాని మీద వేస్తారు. ఎంజైము ఉన్నచోటే రంగు తేలుతుంది.

శక్తిని పుట్టించే ఎంజైములకు ఈ పరీక్ష చేస్తే, లాలాజలాన్ని మోసుకెళ్లే చారల నాళాలు ముదురుగా కనిపిస్తాయి. ఆ చారలు వరుసకట్టిన మైటోకాండ్రియాలే. పారే నీటిలోంచి సోడియాన్ని వెనక్కి లాగడం శ్రమతో కూడిన పని మరి!

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ నాళాల్లోనే ఉండే కల్లిక్రీన్ అనే ఎంజైము. ఇది రక్తనాళాలను వెడల్పు చేసే కైనిన్లను పుట్టించగలదు. దవడ గ్రంథికి వెళ్లే నరాన్ని ప్రేరేపిస్తే రక్తం జోరుగా పారుతుందని శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1858లో కుక్కల్లో చూపాడు. దానికి కారణం కల్లిక్రీనేనని తర్వాతి కాలంలో కొందరు భావించారు. కానీ అది పేరుకున్నది నాళపు కణాల లోపలి అంచున, అంటే రక్తం వైపు కాదు, లాలాజలం పారే వైపు. పైగా అట్రోపిన్ అనే మందు ఇస్తే లాలాజలం ఆగినా రక్తప్రవాహం పెరుగుతూనే ఉంటుందని మరో శాస్త్రవేత్త హైడెన్‌హైన్ 1872లోనే గమనించాడు. అందుకే నరాల కొసలు వదిలే రసాయనాల వైపు చూపు మళ్లింది. ఎంజైము ఉన్న చోటే ఇక్కడ సాక్ష్యం చెప్పింది.

లాలాజలంలో లైసోజైమ్ అనే ఎంజైము కూడా ఉంటుంది, కొన్ని బ్యాక్టీరియాల గోడలను కోస్తుంది. దీన్ని నమ్మి పుండును కుక్కచేత నాకించుకోవద్దు. రేబిస్ వైరస్ వచ్చేది కూడా ఆ చొంగతోనే.

మరి పెరుగన్నం ఎక్కడ అరుగుతుంది? చిన్నపేగులో, క్లోమం పంపే అమైలేజ్‌తో. తోడేలుకు ఈ అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు ప్రతులు సాధారణంగా రెండే. కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. మనుషుల పంచన చేరి గింజల తిండికి అలవాటుపడిన జీవిలో మార్పు వచ్చింది నోట్లో కాదు, క్లోమంలో.