మిర్చి బేరంలో ధర ఒక్కటే చూస్తే చాలదు

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డుకు సరుకు రాకలు ముమ్మరంగా ఉంటాయి. నారుమడి నాటినుంచి కల్లం వరకు రైతు పడిన కష్టానికి ఫలితం అక్కడ కొద్ది నిమిషాల బేరంలో తేలిపోతుంది. కొనే వర్తకుడు రోజూ బేరమాడతాడు. రైతు ఏడాదికి రెండు మూడుసార్లకు మించి ఆడడు. అనుభవంలో ఉన్న ఈ తేడాను రైతు ముందుగా వేసుకున్న లెక్కతోనే పూడ్చుకోవాలి.

ఆఖరి ధర ఇంటివద్దనే తేల్చుకోవాలి

ఎంతకు తక్కువైతే సరుకు ఇవ్వకూడదో యార్డుకు బయలుదేరక ముందే నిర్ణయించుకోవాలి. గత సంవత్సరపు ధర ఇందుకు ప్రమాణం కాదు. 2023లో తేజ రకం క్వింటాలుకు 20 వేల రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి ధరలు ఎంతగా పడిపోయాయంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించవలసి వచ్చింది. నిన్నటి ధరను తలచుకుని భీష్మించినందువల్ల నేటి కొనుగోలుదారు పైసా పెంచడు.

సరైన ప్రమాణం నిల్వ ఖర్చు. ఉదాహరణకు ఈ రోజు బేరం క్వింటాలుకు 11,800 రూపాయల వద్ద ఆగిందనుకుందాం. రైతుకు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అప్పు ఉంది. మూడు నెలలు నిల్వ చేస్తే వడ్డీ 708 రూపాయలు. శీతల గిడ్డంగి అద్దె, హమాలీ, కిరాయి కలిపి మరో 500 రూపాయలు అనుకుంటే మొత్తం 1,208. అంటే మూడు నెలల తర్వాత 13,008 రూపాయలు పలికితేనే నేటి ధరతో సమానం. అంత పెరుగుతుందన్న ఆధారం ఉంటే సరుకు వెనక్కు తీసుకుపోవచ్చు. లేకుంటే అమ్మడమే మేలు. ఈ లెక్క చేతిలో ఉన్న రైతు తొందరపడి ఇవ్వడు, పంతానికి పోయి నష్టపడడు.

చేతికి వచ్చేది ఎంత?

పలికిన ధర వేరు, చేతికందే ధర వేరు. ఇద్దరు వర్తకులు 50 క్వింటాళ్ల సరుకు అడిగారనుకుందాం. మొదటివాడు 12,000 అన్నాడు. కాని క్వింటాలుకు 2 కిలోల తరుగు తీస్తానని, సొమ్ము నెల రోజులకు ఇస్తానని షరతు పెట్టాడు. రెండవవాడు 11,800 అన్నాడు; తరుగు లేదు, సొమ్ము ఆ రోజే. తరుగు తీసివేస్తే మొదటి బేరం 11,760కి దిగుతుంది. నెల వడ్డీ 235 రూపాయలు పోగా మిగిలేది సుమారు 11,525. పైకి 200 రూపాయలు తక్కువగా కనిపించిన రెండవ బేరమే నిజానికి క్వింటాలుకు 275 రూపాయలు ఎక్కువ. 50 క్వింటాళ్లకు ఆ తేడా 13,700 రూపాయలకు పైమాటే.

కనుక ధరతోపాటు తరుగు ఎంత, కాటా ఎప్పుడు, సొమ్ము ఏ తేదీన అన్న మూడు సంగతులూ ఒకే మాటలో తేలాలి. ధర కుదిరాక వీటిని ఒక్కొక్కటిగా కదిలిస్తే అప్పటికి రైతు చేతిలో పట్టు ఉండదు.

మధ్యవర్తి లాభం ఎక్కడ?

ధర పెరిగితే కమీషన్ వ్యాపారికీ లాభమే గదా అని రైతు ధీమాగా ఉంటాడు. అది కొంతవరకే నిజం. క్వింటాలుకు 100 రూపాయలు పెరిగితే 50 క్వింటాళ్లపై రైతుకు 5,000 రూపాయలు అదనంగా వస్తాయి. కమీషన్ నూటికి 2 అనుకుంటే వ్యాపారికి వచ్చేది 100 రూపాయలే. ఆ వంద కోసం రోజూ తన కొట్టుకు వచ్చే కొనుగోలుదారును నొప్పించడానికి అతడు జంకవచ్చు. ఇందులో మోసమేమీ లేదు; ఎవరి లెక్క వారిది. అందుచేత బేరం సమయంలో రైతు స్వయంగా దగ్గర ఉండాలి. మచ్చు కనీసం ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులకు చూపించమని కోరాలి.

పెట్టుబడికి అప్పిచ్చినవారి వద్దనే సరుకు దించవలసిన రైతు పరిస్థితి మరింత కష్టం. ‘బేరం చెడితే అప్పు ఎట్లా?’ అన్న భయమే అతని నోరు కట్టేస్తుంది. అట్టివారు అప్పు లెక్క, సరుకు లెక్క వేరువేరుగా రాయించుకోవాలి. గిడ్డంగి రశీదుపై బ్యాంకు రుణం పొందే వీలున్నదేమో ముందే విచారించుకోవాలి. రశీదులను హామీగా చూపి రుణం పొందడానికి 2007 నాటి గిడ్డంగుల చట్టం వీలు కల్పించింది. బేరం నుంచి లేచి రాగల దారి ఒకటి ఉన్నప్పుడే అడిగిన ధరకు విలువ.

సరుకు సంగతి కొనేవానికంటే ముందు తెలియాలి

తేజ రకాన్ని ఘాటు కోసం, బ్యాడిగి రకాన్ని రంగు కోసం కొంటారు. ఏ గుణానికి గిరాకీయో తెలిసిన రైతు ఆ గుణాన్నే ముందుకు తెస్తాడు. తాలు కాయలు ఏరి వేరుగా అమ్మాలి. మంచి సరుకులో కలిపితే బస్తా మొత్తానికి తాలు చూపించి ధర తగ్గిస్తారు. తేమ 10–11 శాతానికి మించకుండా ఎండబెడితే బూజు భయం తగ్గుతుంది, ఎదుటివారి చేతిలో ఒక వంక కూడా తగ్గుతుంది.

మచ్చు నిజాయితీగా ఉండాలి. మచ్చు చూపి అమ్మిన సరుకు నాణ్యతలో మచ్చుతో సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెబుతున్నది. పై బస్తాలో మేలురకం, అడుగు బస్తాలో నాసిరకం పెడితే కాటా వద్ద బేరం తిరగబడుతుంది. అప్పుడు తగ్గించే ధర మొదట తగ్గించుకోదగిన దానికంటే ఎక్కువే. మరుసటి ఏడాది ఆ రైతు బస్తాను వర్తకుడు అడుగుదాకా కోసి చూస్తాడు.

బేరం కుదిరాక ధర, బస్తాల సంఖ్య, తూకం, తరుగు, సొమ్ము చెల్లించే తేదీ రాసిన పట్టీ తీసుకోనిదే యార్డు దాటరాదు. ఈసారి యార్డుకు వెళ్లే రైతు సోదరులు బస్తాలు బండికెత్తే ముందు రాత్రి ఒక కాగితంపై రెండు అంకెలు రాసుకోవాలి. ఒకటి తన ఆఖరి ధర, రెండవది నెల ఆగితే అయ్యే ఖర్చు. ఎదుటివాడు ఎంత అడిగినా జవాబు ఆ కాగితం చూసుకునే చెప్పాలి.