సర్వీసు చేసిన తెల్లారి ట్రాక్టర్ మొరాయిస్తే...

యాసంగి నాట్లు దగ్గర పడుతున్నాయంటే సిరిసిల్ల, ముస్తాబాద్, గంభీరావుపేట ప్రాంతాల్లో చాలామంది రైతులు ట్రాక్టర్‌కు ఇంటి దగ్గరే సర్వీసు చేసుకుంటారు. ఆయిలు, ఫిల్టర్లు మార్చడం పెద్ద విద్యేమీ కాదు, మెకానిక్ ఖర్చూ మిగులుతుంది. చిక్కు వచ్చేది తెల్లారి. నిన్నటిదాకా మంచిగ నడిచిన బండి స్టార్టు కాదు. అయినా రెండు నిమిషాలకే ఆగుతుంది, లేదా నల్లపొగ కక్కుతుంది. పొలానికి నీళ్లు పెట్టి, నాటుకు కూలీలను మాట్లాడుకున్న రోజున ఇట్లయితే ఆ నష్టం మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు.

ఇలాంటప్పుడు 'పంపు పోయింది, ఇంజన్ బోరుకొచ్చింది' అని బెంబేలు పడనవసరం లేదు. నిన్న ఎక్కడ చెయ్యి పెట్టారో ముందు అక్కడే వెతకాలి. సాంచె ఆగితే నేసేవాళ్లు మోటారు విప్పరు కదా, పోగు ఎక్కడ తెగిందో చూస్తారు. ఇదీ అంతే.

డీజిల్ ఫిల్టర్ మార్చాక బండి స్టార్టు కాలేదంటే ఎక్కువసార్లు కారణం ఒక్కటే, ఎయిర్ పట్టడం. ఫిల్టర్ విప్పినప్పుడు లైనులోకి గాలి చేరుతుంది. డీజిల్ నొక్కితే నలగదు కాబట్టి పంపు ఒత్తిడికి నాజిల్ తెరుచుకుంటుంది. గాలి అలా కాదు, నలిగి ఊరుకుంటుంది. నాజిల్ తెరుచుకోదు, సెల్ఫ్ ఎంత కొట్టినా బ్యాటరీ దిగడమే తప్ప ఫలితం ఉండదు.

ఎయిర్ తీయడానికి వరుస ముఖ్యం. ట్యాంకు కాక్ తెరిచి ఉందో లేదో చూడండి. నవ్వులాటగా ఉంటుంది గాని, ఫిల్టర్ మార్చేటప్పుడు కట్టేసిన కాక్‌ను తిప్పడం మరిచి గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు. తర్వాత మొదటి ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి చేతి పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది. బుడగ లేకుండా నిండు డీజిల్ వచ్చాక, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. రెండో ఫిల్టర్‌కూ ఇలాగే, ఆ తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూకు. ఇంకా స్టార్టు కాకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు కొద్దిగా వదులు చేసి, స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, రేజు పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ కారగానే నట్లు బిగించండి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించొద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆగాలి. నాజిల్ పైపు చీలి చిమ్ముతుంటే వేలు అడ్డం పెట్టడం మాత్రం ప్రమాదం. ఆ ఒత్తిడికి డీజిల్ తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే దవాఖానకు పోవాలి.

ఒక హెచ్చరిక. 50 హెచ్‌పీ మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఇలాంటి కొత్త బండ్లలో కామన్ రైల్ ఇంజన్లుంటాయి. వాటి నాజిల్ పైపులను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటి దగ్గర విప్పరాదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నంత వరకే చేసుకోవాలి.

స్టార్టయి కాసేపటికి ఆగే బండిలో లోపం ఎక్కువగా వాషర్ల దగ్గర ఉంటుంది. విప్పిన చోట పాత రాగి వాషర్‌నే వేస్తే అది సరిగా కూర్చోదు. పంపు డీజిల్‌ను పీల్చుకునే వైపు సందుంటే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు, లోపలికి గాలి పోతుంది. తడి కనిపించడం లేదు కదా అని వదిలేయొద్దు. ట్యాంకు మూతకున్న సన్న రంధ్రం మట్టితో పూడినా ఇదే వరస.

నల్లపొగ వస్తే ఎయిర్ క్లీనర్ చూడాలి. ఆయిల్ బాత్ రకం అయితే గిన్నెలో గుర్తు వరకే ఆయిలు పోయాలి. 'ఇంకొంచెం ఉంటే దుమ్ము బాగా ఆగుతుంది' అని నిండా పోస్తే గాలి ఆడదు. అంతకంటే పెద్ద ముప్పు, ఇంజన్ ఆ ఆయిలునే పీల్చుకుని మండించడం. అప్పుడు రేజు దానంతటదే పెరుగుతుంది, స్టాప్ నాబ్ లాగినా ఇంజన్ ఆగదు. అది డీజిల్‌తో నడవడం లేదు మరి. గాలి లోపలికి పోయే పైపు మూతిని గట్టి చెక్కపలకతో మూసేస్తే ఆగుతుంది. చెయ్యి గాని, గుడ్డ గాని అడ్డం పెట్టరాదు. దగ్గరికి పోలేనంతగా అరుస్తుంటే దూరం జరగడమే మేలు, ఇంజన్ పోతే పోయింది.

ఇంజన్ ఆయిలు ఫిల్టర్ విషయంలో పాత రబ్బరు రింగును మరవకండి. ఫిల్టర్ ఊడొచ్చినా రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి. ఒత్తిడికి పక్కనుంచి ఆయిలు చిమ్మి, దుక్కి మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది. స్టార్టు చేశాక పది సెకన్లలో ఆయిలు లైటు ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. అయిదు నిమిషాలు నడిపి ఆపి, కొంచెం ఆగాక గేజు కర్ర మళ్లీ చూడాలి. కొత్త ఫిల్టర్ కొంత ఆయిలు తాగుతుంది.

సెల్ఫ్ 'టక్' మని ఊరుకుంటే బ్యాటరీ టెర్మినళ్లు బిగించండి. వేడెక్కుతుంటే ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ నీళ్లు చూడండి, మూత మాత్రం చల్లారాకే తీయాలి.

కుదిరిన రైతులు ఈ పని పద్ధతిగా నేర్చుకోవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. యంత్రాలు నడపడం, సర్వీసు చేసుకోవడం అక్కడ నేర్పుతారు.

ఇవన్నీ చూసినా బండి దారికి రాకపోతే మెకానిక్‌ను పిలవండి. పాత ఫిల్టర్, తీసిన వాషర్లు పారేయకుండా ఉంచండి, కొత్తవాటితో పోల్చి చూస్తాడు. నిన్న ఏమేం విప్పారో దాచకుండా ఫోనులోనే చెబితే కావలసిన సామాను వెంట తెచ్చుకుంటాడు.