మెరిసే నేల వెనుక ఎవరి ఊపిరి?

మైలవరం, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో ఇంటి నేల అంటే నాపరాయే. నగరాల్లో కార్ల షెడ్లకు ఇప్పుడు తళతళలాడే ‘మెటాలిక్ ఎపాక్సీ’ పూత వేయిస్తున్నారు. రాయి కోసినా, కాంక్రీటు అరగదీసినా దుమ్ము పీల్చేది ఎక్కువగా దళిత, బహుజన కూలీలే.

పూత పని ఎలా సాగుతుంది? కొత్త కాంక్రీటును సుమారు 28 రోజులు ఆరనిచ్చి, పైపొరను యంత్రంతో అరగదీస్తారు. పగుళ్లు పూడ్చి ప్రైమర్ వేస్తారు. తర్వాత రెసిన్, హార్డెనర్, మెరుపు పొడి కలిపి పరుస్తారు. పేరులో లోహం ఉన్నా, ఆ మెరుపు చాలావరకు మైకాది. జార్ఖండ్, బీహార్ గనుల్లో తుక్కు మైకా ఏరినవాళ్లలో దళిత, ఆదివాసీ పిల్లలున్నారు.

అసలు ప్రమాదం అరగదీతలో ఉంది. కాంక్రీటులోని ఇసుక కంటికి కనిపించనంత సన్నటి సిలికా ధూళిగా మారుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాదు, పైగా క్షయ ముప్పును పెంచుతుంది. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపలేదు. హార్డెనర్ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. అలర్జీ ముదిరితే పనే మానుకోవాలి.

దుమ్ము లాగే వాక్యూమ్, ఎన్95 మాస్కు, గ్లౌజులు ఉంటే ముప్పు బాగా తగ్గుతుంది. ఆ ఖర్చు కాంట్రాక్టరుది, కూలీది కాదు.

సిలికోసిస్ పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధి. ఆస్పత్రి చీటీలో ‘టీబీ’ అని మాత్రమే రాస్తే ఆ హక్కు జారిపోతుంది. అందుకే డాక్టరుకు చేసే పని చెప్పాలి, ఎక్స్‌రేలు దాచుకోవాలి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18–60 ఏళ్లవారు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. విద్యార్థులు, కార్యకర్తలు ఈ నమోదుతోనే మొదలుపెట్టాలి.