పెన్న ముఖద్వారమున పండుగప్ప: పెద్దచేపను ఏల విడువవలెను?

చల్లని కొండవాగులలో గాలము వేసి ట్రౌటు చేపను పట్టుట అనేక దేశములలో పేరుపొందిన వేట. ఈ చేప మన దేశమున పుట్టినది కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగముగా నున్న కాలమున, 1863లో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు దానిని నీలగిరులకు తెచ్చుటకు ప్రయత్నించెను గాని ఫలింపలేదు. 1907లో నీలగిరులలోని అవలాంచి వద్ద గ్రుడ్లు పొదిగించు కేంద్రము ఏర్పడిన పిమ్మట ఆ జాతి అక్కడి వాగులలో నిలిచినది.

అట్టి చేపను మన పెన్నలో ఏల పెంచరాదని మీరు అడుగవచ్చును. కారణము నీటి వేడి. 10 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనము గల లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. అదే నీరు 30 డిగ్రీలకు వేడెక్కిన 7.5 మిల్లీగ్రాములకు మించి ఇమడదు. వేడినీటిలో చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగును, దొరకునది తరుగును. ట్రౌటు 20 డిగ్రీలకు లోబడిన నీటిలో సుఖముగా నుండును. 25 దాటిన దానికి ప్రాణసంకటమే. వేసవిలో మన తీరపు నీరు 30 డిగ్రీలు దాటుచుండును గదా!

మనకు తగిన వేటచేప

అందుకు విచారింప పని లేదు. గాలమునకు ట్రౌటు వలెనే గట్టిగా పెనుగులాడు పండుగప్ప మన నీటిలోనే కలదు. పెన్న ముఖద్వారమునందు, కృష్ణపట్నము వద్ద కండలేరు క్రీకునందు, పులికాట్ సరస్సునందు ఇది తిరుగును. పోటు పాటుగా మారు వేళ కాలువ మొగలందు పొంచియుండి, నీటితో కొట్టుకొనివచ్చు చిన్న చేపలను, రొయ్యలను మ్రింగును. అనుభవజ్ఞులు ప్రాణముతో నున్న రొయ్యను ఎరగా గ్రుచ్చి ఆ వేళకే గాలము వేయుదురు.

ఈ రెండు చేపల జీవితములు తలక్రిందులుగా నుండును. ట్రౌటు ఏటికి ఎదురెక్కి, వాగు అడుగున గులకరాళ్ళలో గుంట చేసి గ్రుడ్లు పెట్టును. పండుగప్ప ఏరు దిగి సముద్రపు ఉప్పునీటికి పోయి లక్షలకొలది గ్రుడ్లు విడుచును. అవి ఒక రోజు లోపలనే పొదుగును. పిల్లలు పోటునీటితో క్రీకులలోనికి, మడ అడవుల నీడకు చేరి పెరుగును.

పెద్దవన్నియు తల్లులే

మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. పండుగప్ప మొదట మగచేపగా ఎదుగును. రెండు మూడు కిలోల బరువున నున్నవి చాలవరకు మగవే. నాలుగు మొదలు ఆరు కిలోల వరకు ఎదుగు సరికి అవియే ఆడవిగా మారును. కావున పది కిలోల చేప చిక్కినదనగా, దాదాపు నిశ్చయముగా తల్లిచేప చిక్కినదన్నమాట.

ట్రౌటు వాగులలో సాధారణముగా కొలతకు తక్కువైన చేపను విడిచిపెట్టు నిబంధన యుండును. ఒకసారి గ్రుడ్లు పెట్టువరకు దానిని బ్రతుకనిచ్చుటయే ఉద్దేశము. పండుగప్పకు అంతమాత్రము చాలదు. చిన్నవానిని విడిచి పెద్దవానినన్నిటిని పట్టినచో మగవి మిగులును గాని తల్లులు మిగులవు. పెద్దవి కానీయక చిన్నవానినే ఊడ్చివేసినను ఫలితము అదియే.

చేయవలసిన పనులు

జానెడు పిల్లలను నీటిలో విడువుడు. వానకాలమున ముఖద్వారము వద్ద మిక్కిలి పెద్దచేప చిక్కినచో, కొన్నింటినైనను ప్రాణముతో వదలుడు. క్రీకు మొగను ఈ గట్టునుండి ఆ గట్టు వరకు వలతో మూయకుడు. చేప రాకపోకలకు దారి యుంచుడు. మడచెట్లను నరుకకుడు. మరపడవలకు ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రపు వేట నిషిద్ధమని మరువకుడు.

చెరువులలో పండుగప్పను పెంచు రైతులు క్రీకులలో ఏరిన పిల్లలను కొనక, హాచరీ పిల్లలనే తెచ్చుకొనవలెను. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధనా సంస్థ 1997లోనే ఈ చేపచేత హాచరీలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను సాధించినది. పెద్దది చిన్నదానిని మ్రింగును గనుక, పిల్లలను తరచుగా సైజువారీగా వేరుచేయుచుండవలెను.

పెద్దచేపను వదలుట జాలరికి చేతికందిన కూలిని వదలుకొనుటయే. ఒకడు వదలిన దానిని మరునాడు మరియొకడు పట్టినచో మొదటివాని త్యాగము వ్యర్థము. కావున ఇది ఊరంతయు కలసి చేయవలసిన కట్టుబాటు. మన తీరపు పల్లెలలో కాపులు కూర్చుండి దురాయి వేసిన, దానిని అందరును మన్నించు ఆచారము కలదు. గ్రామోద్యోగులు, మత్స్యశాఖ సిబ్బంది ఆ పెద్దలతో మాటలాడి, వానలకు ముందే ఇట్టి దురాయి వేయింపవలెను. ఈ ఏడు విడిచిన తల్లి పిల్లలు మూడు నాలుగేండ్లకు మీ వలలకే వచ్చును.