అకామా కఫీలుది, తారీఖు మనది

బేస్తవారిపేటలో జిరాక్స్ కొట్టు పెట్టకముందు నేను కువైట్‌లో ఇంటి డ్రైవర్ని. వేసిన బోర్లన్నీ ఎండిపోయి, అప్పులోళ్లు ఇంటి ముందు కూర్చుంటే విమానం ఎక్కినవాణ్ని. కడప, రాయచోటి వైపు వీధివీధినా కువైట్ వెళ్లినవాళ్లుంటారు. మా పడమటి ప్రకాశం నుంచి వెళ్లేది తక్కువే. అక్కడి లెక్కలు తెలిసినవాళ్లూ అందుకే ఇక్కడ తక్కువ. భర్తో కొడుకో పంపిన బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు ఫొటో పట్టుకుని ఆడవాళ్లు నా కొట్టుకొచ్చి, ‘అన్నా, దీనిమీద తారీఖు ఎప్పటిదాకా ఉందో చూడు’ అంటారు. ఆ తారీఖు కథే ఇది.

కువైట్‌లో ఉండటానికి సర్కారు ఇచ్చే అనుమతిని మనవాళ్లు అకామా అంటారు. అది నంబర్ల మీద నడుస్తుంది. కంపెనీ పనికి 18, ఇంటి పనికి 20, కుటుంబాన్ని తీసుకెళ్తే 22. వంటమనిషి, డ్రైవరు, పిల్లల్ని చూసుకునే ఆయా, వీళ్లంతా 20 కిందికే వస్తారు. ఏడాదికో రెండేళ్లకో గడువు తీరుతుంది. తీరకముందే మళ్లీ కొట్టించుకోవాలి. పని, జీతం, ఆసుపత్రి, బ్యాంకు, సెలవుకు ఇంటికి రావడం, అన్నీ ఆ ఒక్క తారీఖుకు వేలాడుతుంటాయి.

అసలు చిక్కేమిటంటే, దాన్ని కొట్టించేది మనం కాదు, కఫీల్, అంటే మనల్ని పనిలో పెట్టుకున్న యజమాని. రుసుం కట్టాల్సిందీ, ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాల్సిందీ ఆయనే. మా బాబా, అంటే నా కఫీల్, మంచివాడే, కానీ ఇంట్లో ఉన్న నలుగురు పనివాళ్ల తారీఖులూ ఆయనకెక్కడ గుర్తుంటాయి? గడువు దగ్గరపడితే ఆయన కారెక్కినప్పుడల్లా ‘బాబా, అకామా’ అనేవాణ్ని. విసుక్కునేవాడు, చేయించేవాడు. సిగ్గుపడి నోరు మెదపనివాళ్ల అకామాలే ఎక్కువగా దాటిపోవడం చూశాను.

పాత రోజుల్లో పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించేవారు, పేజీ తిప్పితే గడువు కనిపించేది. 2019 మార్చి నుంచి ఆ స్టిక్కరు ఎత్తేశారు. ఇప్పుడు సాక్ష్యమంతా బతాకానే, అంటే సివిల్ ఐడీ కార్డు. అదే ఫోన్‌లో ‘కువైట్ మొబైల్ ఐడీ’ యాప్‌లోనూ కనిపిస్తుంది. సర్కారువారి ‘సహెల్’ యాప్‌లోనూ గడువు చూసుకోవచ్చు. ‘చేయించాలే’ అన్న కఫీల్ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇప్పుడు ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

కొట్టించేది కఫీలే అయినా, దానికి అడ్డం పడేవి కొన్ని మన వైపూ ఉంటాయి. అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు. దాని గడువు ఎంతవరకో అకామా అంతవరకే. మన పాస్‌పోర్టును గడువుకు ఏడాది ముందు నుంచే మార్చుకోవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు ఒంగోలు పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలో ఆ పని కానిచ్చుకుంటే అక్కడ సెలవు దొరక్క అల్లాడే బాధ తప్పుతుంది. రెండోది వేలిముద్రలు. విదేశీయులందరూ 2024 డిసెంబరు 31లోగా బయోమెట్రిక్ ఇవ్వాలన్నారు, ఇవ్వనివాళ్ల కాగితాలు కదలకుండా నిలిపేశారు. మూడోది, కోర్టు కేసో బాకీ కేసో పేరు మీద ఉండకూడదు. ఇంకో సంగతి: పనివాళ్ల పాస్‌పోర్టు కఫీల్ దగ్గర పెట్టుకోకూడదని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. అయినా చాలా ఇళ్లలో అది కఫీల్ బీరువాలోనే ఉంటుంది. కనీసం ప్రతి పేజీ ఫొటో మన ఫోన్‌లో ఉండాలి.

గడువు దాటితే ఏమవుతుంది? 2024 నాటి లెక్క చెబుతాను. రోజుకు రెండు దినార్ల జరిమానా, అలా 600 దినార్ల దాకా పెరుగుతుంది. మన డబ్బుల్లో లక్షా అరవై వేల పైమాటే. ఇల్లు వదిలి బయటపడి దొంగతనంగా పనిచేసుకునేవాళ్లను అక్కడ ఖల్లివెల్లి అంటారు. జీతం ఇవ్వకో, కొట్టడం వల్లో బయటపడినవాళ్లు కొందరు, బయట నాలుగు దినార్లు ఎక్కువ వస్తాయని పోయినవాళ్లు కొందరు. కారణం ఏదైనా కఫీల్ పరారీ కేసు పెడితే తల్లి చనిపోయినా ఊరికి రాలేరు. ఇంట్లో బతకలేకపోతే వీధిలోకి కాకుండా నేరుగా ఇంటి పనివాళ్ల ఫిర్యాదులు చూసే కార్మిక శాఖ ఆఫీసుకో, మన ఎంబసీకో పోవాలి. కఫీల్ కేసు కంటే మన ఫిర్యాదు ముందు పడితే మన మాటకు బలం ఉంటుంది.

అప్పుడప్పుడు సర్కారే తలుపు తెరుస్తుంది. 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 దాకా, కరోనా వేళ 2020 ఏప్రిల్‌లో, మళ్లీ 2024లో మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చారు. 2024లో రెండు దారులు పెట్టారు: జరిమానా కట్టకుండా ఊరికి పోవచ్చు, కావాలంటే కొత్త వీసా మీద తిరిగి రావచ్చు. లేదంటే జరిమానా కట్టి అకామా సరిచేసుకుని అక్కడే ఉండొచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఊరికి పోవడానికి ఎంబసీ ఔట్‌పాస్ కాగితం ఇచ్చింది. అదే ఏడాది జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా ఇంటి వీసా 20 నుంచి కంపెనీ వీసా 18కి మారే వీలూ ఇచ్చారు, రుసుం 50 దినార్లు. ఇలాంటి కబురు ఊరికి చేరేసరికి సగం గడువు అయిపోతుంది. కబురు అందిన రోజే కదలాలి.

సెలవుకొచ్చినవాళ్లకు ఇంకో మాట. ఇంటి పని వీసా మీద ఉన్నవాళ్లు కఫీల్ ప్రత్యేకంగా అనుమతి తెస్తే తప్ప నాలుగు నెలలకు మించి కువైట్ బయట ఉండకూడదని కొత్త చట్టం. చెల్లెలి పెళ్లి, పొలం తగాదా అంటూ ఆగిపోతే అకామా చేజారుతుంది.

కువైట్ ఒక్కటే ఇలా అనుకోవద్దు. అమెరికాలో మనవాళ్ల కోడళ్లు 2015 నుంచి హెచ్-4 ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద ఉద్యోగాలు చేస్తున్నారు. దాన్ని గడువుకు 180 రోజుల ముందు నుంచి మళ్లీ అడగొచ్చు. అర్జీ తేలేలోపు పాత కార్డు దానంతటదే సాగే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన అర్జీలకు అదీ తీసేశారు. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట ఆ దేశం వెళ్లి కాగితాల్లేకుండా పెరిగినవాళ్లకు 2012లో పెట్టిన డాకా రక్షణను కూడా రెండేళ్లకోసారి కొత్తగా అడగాల్సిందే. ఒక్కటే తేడా: అక్కడ అర్జీ ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు. కువైట్‌లో ఇంటి పనివాడికి ఆ వీలు లేదు. కాబట్టే అతని తరఫున తారీఖు చూసే మనిషి ఇంకొకరు ఉండాలి.

ఆ మనిషి ఇక్కడ ఇంట్లోనే ఉండాలంటాను. పాస్‌పోర్టు, బతాకా రెండు వైపులా, పని ఒప్పందం, కఫీల్ పేరూ ఫోన్ నంబరూ, బీమా కాగితం, ఈ ఐదూ భార్య ఫోన్‌లో ఉండాలి. పదో తరగతి పాసవ్వని వాళ్లు వెళ్లేటప్పుడు కట్టే ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలొస్తాయి. దానికీ గడువుంది. ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు, కానీ వెళ్లిన రోజు కట్టిందే కడదాకా సరిపోతుందనుకునేవాళ్లే ఎక్కువ.

కొత్తగా వెళ్లే పిల్లలు ఏజెంటును జీతం ఎంతని ఒక్కటే అడుగుతున్నారు. వీసా 18దా 20దా, అకామా ఎన్నాళ్లకు కొడతారు, రెండోసారి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఈ మూడూ కూడా అడగండి. సూటిగా జవాబు చెప్పనివాడి చేతిలో రూపాయి కూడా పెట్టొద్దు.